కీత్ పావురాల పట్టిక

హోల్డర్‌నెస్ రోడ్డు చారిటీ షాపులో
నలభై అయిదు పౌండ్లకు కొన్నాను దీన్ని.
మూత మీద గీత, ఒక మీట అరిగి బోడి.
అంతా తుడిచేశామన్నాడు కౌంటరు కుర్రాడు.
ఇంటికి తెచ్చి తెరిస్తే
"హలో, కీత్" అంది.

నేను కీత్‌ని కాను, వకుళని.
పగలంతా ల్యాబులో పళ్ళు కడతాను
గులాబీ మైనం మీద, ఎవరివో ముందరి పళ్ళు,
ఎవరివో దవడలు.
వాళ్ళ మొహాలు తెలీవు నాకు, అచ్చులే తెలుసు.
మే నెలలో పరీక్ష. గట్టెక్కితే
మైనం బల్ల వదిలి
తెర మీద పన్ను గీసే బల్లకి మారొచ్చు.

ముందు మీటల సంగతి చూశాను.
ఎవరూ ముట్టని పెద్దక్షరాల మీటకి
భాష మార్చే పని అప్పజెప్పాను.
ఒక నొక్కుకి తెలుగు, ఇంకో నొక్కుకి ఇంగ్లీషు.
త థ ద ధ న కొట్టి చూశాను.
నాలుక పళ్ళకు తగిలితే పుట్టే అక్షరాలు,
పళ్ళు కట్టేదాని చేతికి కాక
ఇంకెవరికి లొంగుతాయి?
ణ మాత్రం రెండు రోజులు మొండికేసింది.

అరలకి మొదట బుద్ధిగా పేర్లు పెట్టాను,
మాడ్యూల్ ఒకటి, మాడ్యూల్ రెండు అని.
వారం తిరక్కుండా అది
ఉప్పెక్కడుందో తెలియని పరాయి వంటిల్లయింది.
చెరిపేసి మళ్ళీ రాసుకున్నాను:
నానుతున్నవి.
రుబ్బాల్సినవి.
పులిసింది, ఇక వాడొచ్చు.
సిగ్గు విడిచి ఎవరినైనా అడగాలి.
ఈ చివరిదే రోజురోజుకీ లావెక్కుతోంది.

నా పేరు రాసినప్పుడల్లా కింద ఎర్ర గీత.
తప్పని కాదమ్మా, దానికి తెలీదని, అంది మోరీన్,
పక్క బల్ల మీద ప్లాస్టర్ కలుపుతూ.
సరే, నేర్పిద్దాం.
నిఘంటువులో చేర్చు అన్నచోట నొక్కాను.
గీత పోయింది.
ఊరికే ఇంకో నాలుగుసార్లు రాశాను, వకుళ, వకుళ,
ఎవరూ అడ్డం రాలేదు.

పాఠాలు నా మాటల్లోకి మార్చి
ఫోనులో చదివి దాచుకుంటాను.
మర్నాడు మీగడ రంగు టెలిఫోన్ డబ్బా దగ్గర
బస్సు కోసం నిలబడి
హంబర్ గాలి చెవులు కోస్తుంటే నన్ను నేనే వింటాను.
కింది పన్ను పై పన్నుని దాటి ఎందుకొస్తుందో చెబుతుంటే
మధ్యలో కుక్కరు కూత.
తీసేద్దామనుకున్నాను గానీ
ఇప్పుడా రెండో కూత వినకపోతే
క్రాస్ బైటు గుర్తుకే రాదు.

తుడవడం మరిచిన ఫైలొకటి
తెర మూల అలాగే ఉండిపోయింది.
పావురాల పట్టిక. పదకొండేళ్ళది.
పక్షి, వదిలిన చోటు, వదిలిన గంట, చేరిన గంట, గాలి.
నీలి రాణి. మొద్దబ్బాయి. మిసెస్ హెచ్.
గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా.
చెత్తబుట్ట దాకా లాక్కెళ్ళి
ఆగింది వేలు.
చివరికి దానికో నకలు తీసి
పక్షి అన్నచోట పాఠం అని రాశాను.
గాలి మాత్రం మార్చలేదు.
పడమటి గాలి, తలనొప్పి.
ఎదురుగాలి, డెరిక్ తిట్టాడు.
గాలి లేదు, అయినా మూడు పేజీలు.

మిసెస్ హెచ్ ఒక జూన్ శనివారం
చేరిన గంట గడి ఖాళీ.
ఆ వరసని కీత్ కొట్టెయ్యలేదు.
పై వారం మళ్ళీ ఆమె పేరు, మళ్ళీ ఖాళీ,
ఆ పై వారం కూడా.
ఎగరని పక్షికి వరస ఎందుకు రాశాడో
ఈ నెల తెలిసింది నాకు.

దవడ కదలిక, రెండో పాఠం.
వదిలిన గంట: ఏడూ పది.
గాలి: వాన, ఇస్త్రీ బట్టల కింద ఫోను.
చేరిన గంట:

టీ పొంగుతోంది, లేవాలి.